శివార్లలో ఇల్లు కొంటున్నారా? ముందు ఆ కాలనీ నీళ్ళ సంగతి చూడండి

మా చుట్టాల్లో ఎవరైనా హైదరాబాద్ శివార్లలో ఇల్లు చూస్తున్నామని ఫోన్ చేస్తే మొదట చెప్పేది ఎన్ని గజాలు, తర్వాత ఏ ఫేసింగ్, ఆ తర్వాత రేటు. కాలనీ ఎలా ఉంది అంటే "అదే, ఘట్‌కేసర్ దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డుకి పది నిమిషాలు" అంటారు. ఇరవై ఏళ్ళు ఈఎంఐ కట్టబోయే ఇంటి చుట్టుపక్కల గురించి తెలిసింది బ్రోకర్ చెప్పిన ఆ ఒక్క ముక్కే. నేనూ అలాగే మొదలుపెట్టాను కాబట్టి ఎవర్నీ తప్పు పట్టడం లేదు.

ఇల్లు నచ్చకపోతే గోడ కొట్టించుకోవచ్చు, టైల్స్ మార్పించుకోవచ్చు. వీధి పల్లంలో ఉంటే మాత్రం మీరు చేయగలిగింది ఏమీ లేదు. రెండేళ్ళు తిరిగాక నాకు అర్థమైంది ఏంటంటే, కాలనీని ఎంచుకోవడానికి సగం పని నీళ్ళు చూడటమే. వానాకాలంలో ఎక్కడ నిలుస్తాయి, ఎండాకాలంలో ఎక్కడ దొరకవు, వాడినవి ఎటు పోతాయి. ఈ మూడూ తేలాక స్కూలు, మెట్రో, వాస్తు గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

మొదట నచ్చిన ఇల్లు ఏప్రిల్‌లో చూశాం. 165 గజాల్లో జీ ప్లస్ వన్, తూర్పు ఫేసింగ్, గేటు పక్కన వేపచెట్టు, మా ఆవిడకి వంటగది నచ్చింది, మా అత్తగారికి ఫేసింగ్ నచ్చింది, ఇంకేం కావాలి, యాభై వేలు టోకెన్ ఇచ్చేశాను. పేపర్లు సర్దుకుని అగ్రిమెంట్ దాకా వచ్చేసరికి జూలై అయింది. సంతకాలకి రెండు రోజుల ముందు రాత్రంతా వాన. పొద్దున్నే ఎందుకో అనుమానం వచ్చి బైక్ మీద వెళ్ళాను. సైలెన్సర్ మునిగేంత నీళ్ళు వీధిలో. మూలమీది కిరాణా కొట్టు ఆవిడ బియ్యం బస్తాలు బల్ల మీదకి ఎక్కించుకుంటూ, "ఈసారి తక్కువే వచ్చినయ్ సార్" అంది. టోకెన్ పోయింది. ఇల్లు కొనడానికి నేను పెట్టిన ఖర్చులన్నిట్లో బాగా పనికొచ్చింది ఆ యాభై వేలే.

కాబట్టి వీలైతే వానలోనే చూడండి. వాన ఆగిన పది గంటల తర్వాత కాదు, పడుతుండగానో, ఆగిన గంటలోపో. ఎండాకాలంలోనే కొనాల్సి వస్తే కాలనీ తనంతట తను చెప్పే గుర్తులు కొన్ని ఉంటాయి. కాంపౌండ్ గోడల మీద అందరి ఇళ్ళకీ ఒకే ఎత్తులో మట్టి రంగు గీత ఉందా? మోటారు స్టార్టర్ డబ్బా తలెత్తి చూసేంత ఎత్తున బిగించారా? గేటు ముందు మోకాలెత్తు కట్టలాగా సిమెంటుతో గడప కట్టుకున్నారా? కొత్తగా కట్టిన ఇళ్ళన్నీ పునాది నాలుగైదు అడుగులు లేపి, పాత ఇళ్ళు మాత్రం రోడ్డు కంటే కిందకి దిగిపోయినట్టు ఉన్నాయా? సీసీ రోడ్డు మీద మళ్ళీ సీసీ రోడ్డు పోస్తూ పోతే పదేళ్ళలో పాత ఇంటి వరండా వీధి కంటే లోతుకి పోతుంది. వాళ్ళ గేటు కింది సగం తుప్పు పట్టి ఉంటుంది చూడండి, అది తడిసి తడిసి పట్టిన తుప్పు.

ఆ తర్వాత పేర్లు వినండి. పక్కన ఉన్న బస్తీ పేరులో కుంట, చెరువు, కట్ట, తూము లాంటి మాట ఉంటే అది ఊరికే పెట్టిన పేరు కాదు, ఎప్పుడో అక్కడ నీళ్ళు నిలిచేవి. ఊళ్ళో అరవై దాటిన పెద్దాయన ఎవరైనా కనబడితే "తాతా, మత్తడి ఎటు దూకేది?" అని అడగండి. మత్తడి అన్నా అలుగు అన్నా ఒకటే, చెరువు నిండాక అదనపు నీళ్ళు పొర్లిపోయే చోటు. మన దగ్గర చెరువులు చాలావరకు గొలుసుకట్టు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్ళు కాలువ పట్టుకుని కింది చెరువుకి పోవాలి. ఆ కాలువ మీద ఎవరో ప్లాట్లు చేస్తే నీళ్ళు దారి మర్చిపోవు, మీ హాల్లోంచి పోతాయి. చెరువు హద్దుకి చాలా దూరంలో ఉన్నాం కదా అనుకునేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు.

2020 అక్టోబర్ 13 రాత్రి గుర్తుంది కదా. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా పడింది. నాగోలు బండ్లగూడ దగ్గర అయ్యప్ప కాలనీ, టోలిచౌకి నదీమ్ కాలనీ మునిగాయి. కొంపల్లి ఉమామహేశ్వర కాలనీలో పైన ఫాక్స్ సాగర్ చెరువు నిండి, వాన ఆగి రోజులు గడిచినా ఇళ్ళ చుట్టూ నీళ్ళే. అక్కడ ఉండేవాళ్ళేమీ తక్కువ రకం ఇళ్ళు కొన్నవాళ్ళు కాదు, మనలాగే లోన్లు పెట్టి మంచి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు. ఇది హైదరాబాద్ గోలే అనుకోకండి, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు బెజవాడ సింగ్‌నగర్ వాళ్ళు ఎలా గడిపారో వాళ్ళనే అడగండి.

ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని ఒకటుంది, డబ్బు ఖర్చు లేదు. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ పెట్టుకుంటే అందులో పాత ఏళ్ళ శాటిలైట్ ఫొటోలు వెనక్కి జరుపుకుంటూ చూడొచ్చు. మీరు చూస్తున్న కాలనీ దగ్గర ఆగి 2005 ప్రాంతానికి వెళ్ళండి. అక్కడ మెరక చేలు ఉన్నాయా, వరి మళ్ళు ఉన్నాయా, లేక నల్లగా నీటి మడుగు ఉందా? బాగా వానలు పడిన ఏడాది ఫొటో ఒకటి, కరువు ఏడాది ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. నేను ఇలా చూసి వదిలేసిన కాలనీలు మూడున్నాయి. ఒకదాంట్లో పార్కు అని చూపించినది ఒకప్పుడు కాలువ.

అలాగే హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో ఒక్కో చెరువుకీ ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఉంటాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు వచ్చి ఆగే గీత. ఆ గీత బయట కూడా కట్టకూడని జాగా ఉంటుంది, దాన్నే బఫర్ జోన్ అంటారు. 2012 బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు దాటిన చెరువుకి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. 10 మీటర్ల కంటే వెడల్పున్న నాలాకి కూడా 9 మీటర్లు వదలాలి. బ్రోకర్ "శిఖం పట్టా ఉంది సార్, భయం లేదు" అంటే అప్పుడే భయపడాలి. శిఖం అంటే చెరువు లోపలి భూమి. నీళ్ళు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికి ఇచ్చిన పట్టా అది, ఇల్లు కట్టుకోవడానికి కాదు. 2024 జూలైలో చెరువుల్లో, నాలాల మీద ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ మాటలన్నీ జనానికి ఇంటి మాటలైపోయాయి. పర్మిషన్ ఉంది, బ్యాంకు లోన్ ఇచ్చింది, ఇంటి పన్ను కడుతున్నాం అన్న కాగితాలు చేతిలో పట్టుకుని బుల్డోజర్ ముందు నిలబడ్డవాళ్ళని టీవీలో చూశాం కదా.

ఇక ఎండాకాలం నీళ్ళు. దీనికి అసలు నిపుణుడు ట్యాంకర్ డ్రైవర్. ఏప్రిల్, మే నెలల్లో కాలనీ మొదట్లో నిలబడితే ట్యాంకర్ దానంతట అదే వస్తుంది. నేను ఒకాయన్ని ఆపి "అన్నా, ఈ కాలనీలో నీకు రోజుకి ఎన్ని ట్రిప్పులు?" అని అడిగితే, "ఏ గల్లీ సార్?" అని ఎదురడిగాడు. రెండో గల్లీ దాకా బోర్లలో నీళ్ళున్నాయి, ఐదో గల్లీ నుంచి మొత్తం ట్యాంకర్లేనట. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి, నీళ్ళు ఆ రాతి పగుళ్ళలోనే ఉంటాయి కాబట్టి ఒక ఇంట్లో నాలుగు వందల అడుగులకి పడితే పక్కింట్లో వెయ్యి అడుగులు పోయినా దుమ్మే రావచ్చు. కాలనీలో నీళ్ళున్నాయా అనే ప్రశ్నతో లాభం లేదు, ఈ వీధిలో ఉన్నాయా అనాలి. ఇంటి ముందు మూత పెట్టేసిన పాత బోరు పైపులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మూడుంటే మూడుసార్లు ఓడిపోయినట్టు.

జలమండలి నల్లా ఉందంటే అది మంచిదే, కానీ పైపు ఉండటం వేరు, అందులో నీళ్ళు రావడం వేరు. నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్ళు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్లు దాటి వస్తున్నాయి, లైను చివర ఉన్న వీధికి వచ్చేసరికి సన్నటి ధార మిగలొచ్చు. ఎన్ని రోజులకోసారి వదులుతారు, ఎంతసేపు, మోటారు పెట్టకుండా సంపులోకి ఎక్కుతాయా అని మూడు ఇళ్ళలో అడగండి. మగవాళ్ళని కాదు, ఇంట్లో ఆడవాళ్ళని అడగాలి, సరైన లెక్క వాళ్ళ దగ్గరే ఉంటుంది. బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టుకొచ్చి టీడీఎస్ మీటర్‌తో, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే దానితో చూసుకోండి, మీటర్ ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తుంది. తాగే నీళ్ళకి లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం, వేరే దారి లేకపోతే 2000 దాకా సహించొచ్చు అంటుంది. 1500 చూపిస్తే ఆర్వో పెట్టుకుని తాగొచ్చేమో గానీ గీజర్లు, కుళాయిలు, మీ జుట్టు ఏమవుతాయో ఆ పక్కింటి వాళ్ళని చూస్తే తెలుస్తుంది.

వాడిన నీళ్ళ సంగతి ఎవరూ అడగరు. డ్రైనేజీ ఉందా అంటే "ఉంది సార్" అని మ్యాన్‌హోల్ మూత చూపిస్తారు. ఆ లైను వెళ్ళి ఎక్కడ కలుస్తుంది అని అడగండి. కొన్ని వెంచర్లలో మూతలు, పైపులు అన్నీ ఉంటాయి, చివరి పైపు మాత్రం పక్క ఖాళీ జాగాలోకో చెరువులోకో వదిలేసి ఉంటుంది. నడుచుకుంటూ ఆ చివరిదాకా వెళ్ళండి, ముక్కు మూసుకుని అయినా సరే.

వాసన అనేసరికి గుర్తొచ్చింది. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీలకి దగ్గర్లో చూస్తుంటే మధ్యాహ్నం వెళ్ళి గాలి బాగుందనుకోవద్దు. రాత్రి పదకొండు తర్వాత ఒకసారి, చలికాలంలో తెల్లవారుజామున ఒకసారి వెళ్ళాలి, చల్లగాలి కిందకి దిగి పొగని అక్కడే పట్టి ఉంచే వేళలవి. జవహర్‌నగర్ డంప్‌యార్డుకి దగ్గర్లో దమ్మాయిగూడ లాంటి చోట్ల గాలి ఎటు తిరిగితే అటు తేడా ఉంటుంది, కాబట్టి ఒక్కసారి చూసి తేల్చుకోలేరు. ఇంకా దూరం పోతే రాళ్ళ క్రషర్లు, లారీలు. ఒక కాలనీలో మొక్కల ఆకులు వేలితో తుడిస్తే తెల్లటి పొడి అంటింది, అంతకంటే రిపోర్ట్ ఏం కావాలి.

శబ్దం విషయంలో ఒకే సలహా. కాలనీకి అర కిలోమీటరు లోపు ఫంక్షన్ హాలు ఉంటే మంచి ముహూర్తం ఉన్న రాత్రి వెళ్ళండి.

కాగితాల గురించి పెద్దగా చెప్పను, అది లాయర్ పని, ఆ ఫీజు దగ్గర పీనాసితనం వద్దు. కానీ ఒక్క ఇంటి కాగితాలు చూసి ఊరుకోకుండా కాలనీ కాగితాలు చూడాలి. హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ (టౌన్ ప్లానింగ్ శాఖ) అనుమతి ఉన్న లేఅవుటా, గ్రామ పంచాయతీ లేఅవుటా? పంచాయతీదైతే ఎల్ఆర్ఎస్, అంటే లేఅవుట్ క్రమబద్ధీకరణ అయ్యిందా, 2020లో దరఖాస్తు పెట్టి అలా వదిలేశారా? సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, వక్ఫ్, దేవాదాయ, అసైన్డ్, సీలింగ్ భూమి కాదు కదా? ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, 1983 నుంచి ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. మీ ప్లాటుది ఒక్కటే కాకుండా అటూఇటూ రెండు ప్లాట్లవి కూడా తీయండి, ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మిన కాలనీలు అలాగే బయటపడతాయి. అయితే రిజిస్టర్ అయినవే ఈసీలో కనిపిస్తాయి, కోర్టు కేసులు కనిపించకపోవచ్చు. లేఅవుట్ కాపీ చేత్తో పట్టుకుని పార్కు ఉండాల్సిన చోటికి నడవండి. అక్కడ పార్కు ఉంటే సరే, ఎవరిదో షెడ్డు ఉంటే ఆ కాలనీలో ఎవరి మాట చెల్లుతుందో మీకు అర్థమైనట్టే. కొత్త ప్రాజెక్టు అయితే, 500 చదరపు మీటర్లు దాటినా ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి.

దూరం లెక్క బ్రోకర్‌ది వేరు, మనది వేరు. ఆయన నిమిషాలు ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద లెక్కించినవి. మీరు సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఆ ఇంటి గేటు దగ్గర నుంచి మీ ఆఫీసుకి, సాయంత్రం ఆఫీసు నుంచి ఆ గేటుకి ఒక వారం తిరగండి. పెట్రోలు ఖర్చు అవుతుంది, అవనివ్వండి. మెట్రో వస్తుంది, ఫ్లైఓవర్ వస్తుంది, రీజినల్ రింగ్ రోడ్డు వస్తుంది అన్నవాటికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకూడదని నా పట్టుదల. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళ రెండో దశ 2012 ప్రాంతంలో మంజూరైంది, ఘట్‌కేసర్ దాకా రైలు కదిలింది 2024 మార్చిలో. ఆ రైలుని నమ్ముకుని కొన్నవాళ్ళ పిల్లలు ఈలోగా పదో తరగతి అయిపోయారు. రావని కాదు, వస్తాయి, మనం కొనే రోజుకి ఏది ఉందో దానికే డబ్బు ఇవ్వాలి.

ఖాళీ ప్లాట్లు కూడా లెక్కపెట్టండి. పది ప్లాట్లలో ఆరేడు ఖాళీగా ఉంటే అవి పెట్టుబడి పెట్టి వదిలేసినవాళ్ళవి, వాళ్ళకి వీధి దీపం వెలగకపోయినా ఫర్వాలేదు, మనకి మాత్రం పాములు, చెత్త, కుక్కలు. అలాగని పూర్తిగా నిండిపోయిన కాలనీలో రేటు అందదు. సగం పైగా ఇళ్ళు పడి, స్కూల్ బస్సు లోపలికి వస్తూ, రాత్రి తొమ్మిదింటికి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి నడుస్తూ కనబడే చోటు నాకు సరైనదనిపించింది. రోడ్డు వెడల్పు టేపు పెట్టి కొలవండి, కాగితం మీద ముప్పై అడుగులున్నది మెట్లు, ర్యాంపులు పోను ఇరవై మిగులుతుంది, ఫైరింజన్ తిరుగుతుందా లేదా అన్నది అప్పుడు తెలుస్తుంది.

"అక్కడ మనవాళ్ళు ఎక్కువ మంది ఉన్నారా?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఎందుకు అడుగుతారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నేను చూసినంతలో నీళ్ళ మోటారు కాలిపోయిన రాత్రి బకెట్ ఇచ్చేది పక్కింటివాళ్ళు, వాళ్ళు ఎవరైనా కావచ్చు. దానికంటే కాలనీ అసోసియేషన్ ఎలా నడుస్తుందో అడగండి. నెలకి ఎంత, లెక్కలు చెబుతారా, లేక రెండు అసోసియేషన్లు, రెండు వినాయక మండపాలు, రెండు వాట్సాప్ గ్రూపులు ఉన్నాయా? రెండుంటే గొడవ ఏదో ఉంది, అది ఏంటో కనుక్కునేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

వీలున్నవాళ్ళకి ఇంకో మంచి దారి ఉంది. కొనాలనుకున్న కాలనీలోనే ఆరు నెలలు అద్దెకి ఉండండి, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా అయితే మరీ మంచిది, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం రెండూ దొరుకుతాయి. సామాన్లు రెండుసార్లు మార్చడం విసుగే. మేము అలాగే ఉన్నాం, నాలుగో నెలలో పక్క వీధిలో మెరక మీద ఒక ఇల్లు అమ్మకానికి వచ్చిందని పాలవాడు చెప్పాడు, మధ్యలో బ్రోకర్ లేడు. పడమర ఫేసింగ్, వంటగది చిన్నది, మొదటి ఇంటికంటే నాలుగు లక్షలు ఎక్కువ. మా అత్తగారు వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర నిలబడి "పడమరేనా" అంటూ నిట్టూరుస్తారు. జూలై, ఆగస్టుల్లో వచ్చినప్పుడు మాత్రం ఆ మాట ఎత్తరు.